మిట్టమధ్యాహ్నం తెల్లదుప్పటి

పెళ్ళి ఆరుబయట, అదీ మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి అని చెప్పి చూడండి. ఏ ఫోటోగ్రాఫరైనా ముందు డైరీ తిరగేస్తాడు, తర్వాత గొంతు సవరించుకుంటాడు, ఆ పైన సరిగ్గా ఆ రోజే తనకి వేరే పని ఉందని గుర్తు తెచ్చుకుంటాడు. మరీ మొహమాటస్థుడైతే ముహూర్తం సాయంత్రానికి జరుపుకోలేరా అని అడుగుతాడు. మనుషుల పెళ్ళి తన కెమెరా కోసం జరుగుతోందని ఆయన నమ్మకం. అలా ముగ్గురు నలుగురు చేతులెత్తేశాక ఎవరో ఒకరంటారు, "దుప్పటక్కని అడగకపోయారా?" అని.

దుప్పటక్కకి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. బస్టాండు వెనక వీధిలో ఆమె స్టూడియో, దానికి ఆనుకుని ఆమె భర్త దర్జీ దుకాణం. రెంటికీ మధ్య గోడలో తలుపు లేని గుమ్మం ఉంది. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన వాళ్ళ చొక్కా బొత్తాం ఊడి ఉంటే ఆ గుమ్మంలోంచి పంపిస్తుంది, అది కుట్టించుకుని తిరిగి వస్తారు. ఆయన మాట్లాడేది బహు తక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి అలవాటు తప్పిపోయిందని ఆమె అంటుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం దుకాణం మూసి ఆమె వెంట బయల్దేరతాడు, ఎందుకంటే దుప్పటి పట్టుకోవాల్సింది ఆయనే.

ఆ దుప్పటి గురించి చెప్పాలి. మామూలు తెల్ల నూలు దుప్పటి, ఇద్దరు పడుకునే మంచానికి సరిపోయేది. నాలుగు మూలలా పట్టుకోవడానికి ఆయన గట్టి గుడ్డతో ఉచ్చులు కుట్టాడు. నెత్తి మీద ఎండ దిగినప్పుడు మనిషి ముఖంలో వెలగాల్సినవి ఆరిపోతాయి. కనుబొమల నీడ కళ్ళ మీద పడి అక్కడ రెండు గుంటలు మిగులుతాయి, ముక్కు నీడ పెదవి మీద పడి మీసంలా దిగుతుంది, నుదురు మాత్రం బోడిగుండులా మెరుస్తుంది. అలాంటప్పుడు మనుషుల్ని కాస్త నీడకి జరిపి, ఎదురుగా ఎండలో నడుం ఎత్తున తెల్లదుప్పటి పరిచి పట్టుకుంటే, దాని మీద పడ్డ వెలుగు మెత్తగా పైకి లేచి ముఖాల్ని అందుకుంటుంది. అప్పుడు కంట్లో ఒక చిన్న తెల్లని మెరుపు మచ్చ పడుతుంది. దాన్ని ఆమె చుక్క అంటుంది. చుక్క పడితే ముఖంలో ప్రాణమున్నట్టు, పడకపోతే మనిషి ఎంత పళ్ళికిలించినా దండగ. దుప్పటి పట్టుకున్న భర్త పెళ్ళి పొడుగునా అడిగేది ఒకటే ప్రశ్న: "చుక్క పడిందా?"

బజార్లో వెండిరంగు తళుకు అట్టలు దొరుకుతాయి. ఒకసారి మోజు పడి ఒకటి కొన్నది కూడా. అది కొట్టిన వెలుగుకి ఓ పెళ్ళికొడుకు పెళ్ళంతా కళ్ళు మూసుకునే కానిచ్చాడు. ఇప్పుడది స్టూడియో కిటికీకి వానజల్లు కొట్టకుండా అడ్డంగా ఉంది.

ఇంత విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు. అసలు సంగతేమిటంటే, అది ఒక పెద్ద తప్పులోంచి వచ్చింది. ఆ తప్పు ఆమె సొంత చెల్లెలి పెళ్ళిలో జరిగింది.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి స్టూడియో పెట్టి ఆరు నెలలు. గదిలో బల్బు కింద కూర్చోబెట్టి ఫోటోలు తీయడమే తెలుసు. చెల్లెలి పెళ్ళి వాళ్ళ మావగారి ఇంటి పెరట్లో, ఆకాశం కింద, సరిగ్గా మధ్యాహ్నం. "మా అక్కే తీస్తుంది" అని చెల్లెలు వీధి వీధంతా చాటుకుంది, వేరే ఫోటోగ్రాఫర్ని పిలుస్తామంటే ఒప్పుకోలేదు. అక్క మూడు రీళ్ళు తీసింది. ఎండ బాగా ఉంది, వెలుగుకేం లోటని మురిసిపోయింది కూడా. రీళ్ళు కడిగించి చూసింది. మూడు రీళ్ళలోనూ పెళ్ళికూతురికి కళ్ళు లేవు. నల్లటి గుంటలు రెండు, వాటి కింద ముక్కు నీడ.

చెల్లెలు ఆల్బమ్‌ మొత్తం తిరగేసింది. ఏడవలేదు, అరవలేదు. "మా ఆయనకి లేని మీసం నాకొచ్చిందేమే అక్కా" అంది అంతే. అని, ఆల్బమ్‌ని పాత చీరముక్కలో చుట్టి అటక మీద పెట్టేసింది. అరిచినా బాగుండేదని అక్క ఎన్నోసార్లు అనుకుంది.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళకి మాటలు పోలేదు. రాకపోకలున్నాయి, ఒకరి జ్వరానికి ఒకరు పరిగెత్తడాలున్నాయి. ఫోటోల ఊసు మాత్రం లేదు. చెల్లెలు ఆ రోజు నుంచి ఎవరి కెమెరా ముందూ నిలబడలేదు. ఎక్కడైనా నలుగురూ వరుసగా సర్దుకుంటుంటే ఆమెకి ఉన్నట్టుండి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో పాలు పొంగుతూనే ఉన్నాయి.

ఆ మూడు రీళ్ళలో ఒకే ఒక్క ఫోటో బాగా వచ్చింది. అదీ చిత్రం. రీలు చివర ఒక బొమ్మ మిగిలిపోతే ఊరికే పోనివ్వడం ఎందుకని, భోజనాల దగ్గర తెల్లటి మేజాగుడ్డ దులుపుతున్న పనిమనిషిని తీసింది. చింపిరి జుట్టు, చెమట, నలిగిన బట్టలు. అయినా ఆ ముఖం అద్దంలా వెలుగుతోంది, రెండు కళ్ళలోనూ రెండు చుక్కలు. పెళ్ళికూతురికి లేని కళ ఈమెకి ఎక్కడిదని అక్క వారం రోజులు ఆ ఫోటో ముందేసుకుని కూర్చుంది. ఎనిమిదో రోజు భర్తని మేడ మీదికి లాక్కుపోయి, మిట్టమధ్యాహ్నం కుర్చీలో కూర్చోబెట్టి, మంచం మీది దుప్పటి తెచ్చి ఆయన ముందు పరిచింది. పక్కింటివాళ్ళు ఆయనకేదో వైద్యం చేస్తున్నారనుకున్నారు. వేసవి గడిచేసరికి ఆయన ముక్కు రెండుసార్లు తోలు ఊడింది, ఆమెకి పని వచ్చింది.

అప్పట్నుంచి మధ్యాహ్నపు పెళ్ళంటే ఆమెదే. ఎన్ని తీసిందో ఆమే లెక్కపెట్టుకోలేదు. తీసిన ప్రతి పెళ్ళికూతురి కంట్లో చుక్క పడినప్పుడల్లా లోపలెక్కడో ఒక పాత ముల్లు కదిలేది. ఈ ఒక్కటీ అప్పుడు తెలిసుంటే ఎంత బాగుండేది! చేతికొచ్చిన విద్య చెల్లెలికి తప్ప లోకానికంతటికీ పనికొచ్చింది.

ఈ సంవత్సరం చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. పిల్ల మొక్కల నర్సరీ నడుపుతుంది. చేతులెప్పుడూ మట్టిలోనే. ఒకరోజు గోళ్ళలో మట్టితోనే స్టూడియోకి వచ్చి, బల్బు కింది స్టూలు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నా పెళ్ళి నువ్వే తీయాలి. నర్సరీలోనే చేసుకుంటున్నాం. పెళ్ళికొడుకు వాళ్ళు పొద్దున బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్ళాలి. అందుకని పన్నెండింటికి."

పెద్దమ్మ చేతిలో కెమెరా పక్కన పెట్టింది. "మీ అమ్మ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. తను మాత్రం ఏ ఫోటోలోనూ నిలబడదట."

"మరి?"

"మరేముంది, నాకు అమ్మ ఉన్న ఫోటో ఒకటి కావాలి. ఒక్కటి చాలు. నా చిన్నప్పటి ఫోటోలు చూశావుగా పెద్దమ్మా, ప్రతిదాంట్లోనూ నన్ను పట్టుకున్న చెయ్యి ఉంటుంది. చేతికి పైన అమ్మ ఉండదు."

గుమ్మం అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. పెదనాన్న వింటున్నాడన్నమాట.

పెళ్ళికి ముందు రోజు, సరిగ్గా పన్నెండింటికి, భార్యాభర్తలిద్దరూ నర్సరీకి వెళ్ళారు. ఏ పెళ్ళికైనా ఆమె పద్ధతి అంతే. ముందు రోజు అదే గంటకి వెళ్తుంది, చేతిలో సుద్దముక్కతో. భర్తని నిలబెడుతుంది, నీడ ఎక్కడిదాకా ఉందో నేల మీద గీత గీస్తుంది, ఆయన కళ్ళలోకి చూస్తుంది. ఆ లెక్కన ఆయన ఎన్ని వందల సార్లు పెళ్ళికూతురయ్యాడో!

అక్కడ చెల్లెలు ఏర్పాట్లన్నీ దగ్గరుండి చేయిస్తోంది. మొక్కలకి ఎండ తగలకుండా కట్టిన ఆకుపచ్చ వల కింద కుర్చీలు వేయించింది, నట్టనడుమ పూలు చుట్టిన బల్ల పెట్టించింది. వధూవరులు ఉంగరాలు మార్చుకునేదీ, పుస్తకంలో సంతకాలు పెట్టేదీ అక్కడే.

"చూశావా అక్కా, ఎండ పొడ లేదు. ఈసారి నీకు ఏ ఇబ్బందీ ఉండదు" అంది. ఆ 'ఈసారి' అన్న మాట దగ్గర కాస్త ఆగింది.

అక్క భర్త వైపు చూసింది. వల కిందికి రాగానే ఆయన తెల్లచొక్కా ఆకుపచ్చగా మారిపోయింది. ముఖం సంగతి చెప్పనే అక్కర్లేదు, మూడు రోజులు మంచం పట్టి లేచినట్టున్నాడు.

"ఇక్కడ కుదరదే" అంది మెల్లగా. "వల రంగు ముఖాల మీద పడుతోంది. మీ బావని చూడు. పెళ్ళివారంతా అచ్చం ఆకుకూరల్లా వస్తారు."

"నాకు కళ్ళకి చల్లగానే ఉంది."

"కంటికి అలవాటైపోతుంది, కెమెరాకి కాదు. అదిగో, ఆ సామాను షెడ్డు గోడ ఉంది చూశావా, సున్నం కొట్టింది. చూరు కింద మూడడుగుల నీడ పడుతోంది. పిల్లల్ని అక్కడ నిలబెడదాం. చుట్టాలు వల కిందే కూర్చుని అటు తిరిగి చూస్తారు. ముందు ఎండలో నేను దుప్పటి..."

"మళ్ళీ ఎండలోకే లాగుతున్నావా?" చెల్లెలి గొంతు ఒక్కసారిగా లేచింది. పూలబుట్ట పట్టుకుని వెళ్తున్న మనిషి ఆగి చూసింది. "నా పెళ్ళికి చేసింది చాల్లేదా? నా కూతురికి కూడా మీసం పెట్టి పంపిస్తావా?"

ఇరవై ఆరేళ్ళు మూసిపెట్టిన మాట అది. వినగానే అక్కకి ముందు గుచ్చుకుంది. తర్వాత ఎందుకో హాయిగా కూడా అనిపించింది, పోనీలే, బయటికైతే వచ్చిందని. నోరు పెద్దదని పేరున్న మనిషి, సుద్దముక్కని రెండు వేళ్ళ మధ్య పొడి చేస్తూ నిలబడిపోయింది.

చప్పుడు విని పెళ్ళికూతురు వచ్చింది, చేతిలో నీళ్ళ డబ్బాతో. తల్లిని చూసింది, పెద్దమ్మని చూసింది, పచ్చగా నిలబడ్డ పెదనాన్నని చూసి నవ్వాపుకుంది. "బల్ల షెడ్డు దగ్గరికి మార్పించండి. పెద్దమ్మ ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను" అంది.

చెల్లెలు ముఖం ముడుచుకుని, పూలు సర్దే మిషతో దూరంగా వెళ్ళిపోయింది. అక్క గోడ దగ్గర గీత గీసింది.

తెల్లారింది. పదకొండున్నరకల్లా ఎండ కంకర మీద పడి కళ్ళు జిగేలుమంటున్నాయి. చుట్టాలు వల కింద విసనకర్రలతో విసురుకుంటూ, బల్లని ఎండ పక్కకి మార్చిన తెలివిగల మనిషి ఎవరా అని ఆరా తీస్తున్నారు. దుప్పటక్క అవేమీ చెవిన వేసుకోలేదు. వధూవరుల్ని సుద్దగీతకి ఇవతల, చూరు నీడలో నిలబెట్టింది. భర్త గీతకి అవతల ఎండలో దుప్పటి విప్పాడు. దానికి రెండు వెదురు కర్రలు దోపి, ఒక్కడే పట్టుకునే ఉపాయం ఆయనకి ఎప్పట్నుంచో ఉంది.

అన్నీ ఆలోచించింది గానీ గాలి సంగతి ఆలోచించలేదు. ముందు రోజు ఆకు కదల్లేదు మరి. సరిగ్గా పన్నెండుకి అయిదు నిమిషాలుండగా ఎక్కణ్ణుంచో లేచిందది. దుప్పటి బుస్సున ఉబ్బింది. దర్జీ రెండడుగులు వెనక్కి, నాలుగడుగులు పక్కకి నడిచి, గులాబీ కుండీల మధ్య దాకా వెళ్ళి ఆగాడు. ఆయన దుప్పటిని వదల్లేదు, పాపం, అదీ ఆయన్ని వదల్లేదు. వల కింద నవ్వులు మొదలయ్యాయి. ఆయన మళ్ళీ వచ్చి నిలబడ్డాడు, మళ్ళీ గులాబీల్లోకి వెళ్ళాడు. కెమెరాలోంచి చూస్తే పెళ్ళికూతురి ముఖం వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. సంతకాల పుస్తకం పట్టుకున్న పెద్దమనిషి గడియారం చూసుకుంటున్నాడు. అంతా అయిపోయింది, రెండోసారీ చెల్లెలి ముందే అనుకుంది అక్క.

"అది దుప్పటా, పడవ తెరచాపా బావా? ఇలా ఇవ్వండి!"

చెల్లెలే. ఎవరూ పిలవకుండానే వల కిందనుంచి చరచరా వచ్చింది. కొంగు నడుముకి బిగించి, వెదురు కర్రలు లాగేసి, చూరు నీడలో కూతురి పక్కనే నిలబడి, దుప్పటి ఇవతలి అంచు రెండు ఉచ్చులూ రెండు చేతులకీ తగిలించుకుంది. అవతలి అంచు బావ పట్టుకున్నాడు. ఇద్దరూ లాగి పట్టేసరికి దుప్పటి నడుం ఎత్తున బల్లలా పరుచుకుంది. గాలి దాని కింద ఎంత గుంజినా కదల్లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది అక్క వైపు చూడకుండా.

"నీ వైపు కొంచెం దించు. ఇంకొంచెం. చాలు, అలాగే ఉండు."

చెల్లెలు తలతిప్పి కూతుర్ని చూసింది. దుప్పటి దించినప్పుడు ఆ పిల్ల ముఖంలోకి వెలుగు పాకి వచ్చింది. ఆమెకి నమ్మకం కలగలేదేమో, దుప్పటి కాస్త ఎత్తింది. ముఖం ఆరిపోయింది. మళ్ళీ దించింది. గడ్డం కింది నుంచి, బుగ్గల మీదుగా, కళ్ళ దాకా వెలుగు మళ్ళీ ఎక్కి వచ్చింది. కొత్తగా కరెంటు వచ్చిన ఇంట్లో స్విచ్చి నొక్కి చూసుకున్నట్టు మూడుసార్లు అలాగే చేసింది. మూడోసారికి ఆమె చేతులు నెమ్మదించాయి. "ఇదా!" అంది, తనలో తనే.

"చుక్క పడిందా?" అవతలి నుంచి బావ అడిగాడు.

"పడింది" అన్నది అక్క. ఉంగరాలు మారుతున్నాయి. సంతకాలు పడుతున్నాయి. తను ఏళ్ళ తరబడి నేర్చుకున్నదంతా ఆమె వేళ్ళలోకి దిగింది. ఒక్క క్షణం తడబడలేదు. పెళ్ళికూతురి గోళ్ళలో ఎంత కడిగినా పోని మట్టి గీత, ఇద్దరూ ఒకేసారి కలం కోసం చెయ్యి చాపి నవ్విన నవ్వు, అన్నీ అందాయి. తను బాగా తీస్తోందని ఆమెకి తెలుస్తోంది. అంత సంతోషంగా ఆమె ఎన్నడూ పని చెయ్యలేదు.

అప్పుడు కెమెరా కాస్త పక్కకి జరిగింది. జరగాలని ఆమె అనుకోలేదు. దుప్పటి అంచు పట్టుకుని, కొంగు బిగించి, జుట్టు రేగి, కూతురి ముఖంలోకే చూస్తూ చెల్లెలు కనిపించింది. దుప్పటి వెలుగు ఆ ముఖం మీదా అంతే మెత్తగా పడుతోంది. మేజాగుడ్డ దులుపుతున్న ఆ మనిషి ముఖంలాగే ఉంది. పెళ్ళినాడు ఉండాల్సిన కళ్ళు, ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా, అక్కడున్నాయి.

ఒక్క వేలు కదిపితే చాలు. చెల్లెలికి తెలిసేది కూడా కాదు. పెళ్ళికూతురు అడిగింది అదే కదా. కానీ షరతు షరతే. దొంగతనంగా తీసిన ఫోటో దగ్గర మళ్ళీ మొదటికొచ్చే కన్నా అసలు తీయకపోవడమే మేలనిపించింది. అక్క కెమెరా దించింది.

"ఒసే" అని పిలిచింది. పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, సరిగా వినబడనే లేదు. "నిన్ను తీయనా?"

చెల్లెలు ఉలిక్కిపడింది. పారిపోదామంటే రెండు చేతులూ ఉచ్చుల్లో ఉన్నాయి. పొయ్యి మీద పాలూ లేవు. కూతురు తల్లినే చూస్తోంది. వల కింద చుట్టాలు విసురుకోవడం మానేశారు, సంగతి తెలిసినవాళ్ళే చాలామంది.

"మీసం వస్తుందా?" అని అడిగింది చెల్లెలు.

"రాదు."

"కళ్ళు?"

"ఉన్నాయే. రెండూ ఉన్నాయి."

"చుక్క పడిందా?" ఈసారి అడిగింది బావ కాదు, చెల్లెలే.

అక్కకి కళ్ళు చెమర్చాయి. ఆ తడిలోంచి చూడ్డం కష్టమై, మోచేత్తో తుడుచుకుని, మళ్ళీ కెమెరా ఎత్తి చూసింది. "రెండు కళ్ళలోనూ పడింది" అంది.

"అయితే తియ్యి మరి, చేతులు లాగేస్తున్నాయి!"

తీసింది. ఒకటి కాదు, పదకొండు తీసింది. పెళ్ళికూతురు తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. చెల్లెలు ముందు బిగుసుకుంది, తర్వాత నవ్వింది, తర్వాత ఎవరో గిలిగింతలు పెట్టినట్టు నవ్వుతూనే ఉండిపోయింది. వల కింద ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. దుప్పటి వదిలి చప్పట్లు కొట్టే వీలు లేక దర్జీ ఒక్కడే ఊరుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత చెల్లెలి చేతిలోంచి దుప్పటి లాక్కోవడం ఎవరి తరమూ కాలేదు. వియ్యాలవారిని, ముసలివాళ్ళని, పాలు తాగే పిల్లల్ని, చివరికి సంతకాల పుస్తకం పెద్దమనిషిని కూడా గీత ఇవతలికి పిలిచి నిలబెట్టింది. "అంత వెనక్కి కాదండీ, మీకు చుక్క పడట్లేదు" అని వియ్యపురాలిని గదమాయించింది. అందరూ అయ్యాక తన భర్తని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆయనకిప్పుడు మీసం ఉంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న మొదటి మంచి ఫోటో అదే. సాయంత్రం బండి వియ్యాలవారికి తృటిలో అందింది.

తల్లీకూతుళ్ళ ఫోటో పెద్దది చేసి ఇచ్చేటప్పుడు, కింద కనిపిస్తున్న దుప్పటి అంచు కత్తిరించమంటారా అని అక్క అడిగింది. "దాని జోలికెళ్తే ఊరుకోను" అంది చెల్లెలు. ఇప్పుడది వాళ్ళ ముందుగదిలో, వచ్చినవాళ్ళకి మొదట కనిపించే గోడ మీద, దుప్పటితో సహా ఉంది.

రెండు నెలల తర్వాత స్టూడియోకి ఫోన్ వచ్చింది.

"అక్కా, వచ్చే నెల మా పెళ్ళిరోజు. ఇరవై ఏడు నిండుతాయి. మా మావగారి పెరడు అలాగే ఉంది. మేమిద్దరం ముస్తాబై అక్కడ నిలబడతాం, నువ్వు వచ్చి మా పెళ్ళి మళ్ళీ తీయాలి. మొత్తం ఆల్బమ్ కావాలి నాకు."

అక్క గోడ కేలండరు దగ్గరికి వెళ్ళింది. "తీస్తాను. కానీ సాయంత్రం పెట్టుకో. అయిదింటికి అక్కడ వెలుగు బంగారంలా ఉంటుంది, ఏ కష్టమూ ఉండదు."

"సాయంత్రం ఎవరైనా తీస్తారు" అంది చెల్లెలు. "మేం పన్నెండింటికి నిలబడతాం. బావకి చెప్పు, దుప్పటి ఉతికించి పెట్టమని."